మూత విప్పాకే బేరం

మాధురికి దారిలో ఆగిపోవడమంటే భయం. బస్సు చెడిపోతే మిగతావాళ్ళు డ్రైవర్ని నాలుగు తిట్టి, దిగి నడిచో, వెనక వచ్చే ఆటో ఎక్కో వెళ్ళిపోతారు. ఆమె సీట్లోనే ఉండిపోవాలి. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమకాలిని ఎండుకట్టెలా చేసి వదిలింది. ఇనుప పట్టీల బూటు తొడుక్కుంటే ఇంట్లో తిరగగలదు, ఆఫీసు మెట్లెక్కగలదు. తారురోడ్డు మీద మైలు దూరం నడవడం మాత్రం ఆ కాలివల్ల కాదు.

వాళ్ళది కోటగిరి దగ్గర, కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపు. కృష్ణాజిల్లా నుంచి తాత వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొన్నాడు. తండ్రి రాజేంద్రప్రసాద్ అక్కడే పెరిగి, అక్కడే వరి పండిస్తూ నడివయసు దాటాడు. తొంభైల్లో మాధురి బాన్సువాడలో డిగ్రీ చదివినన్నాళ్ళూ ఆయన స్కూటరే ఆమెకు కాళ్ళు. నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చాక కూడా అంతే. పొద్దున దించి వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చి ఎక్కించుకునేవాడు. నాట్ల రోజుల్లో కూలీలను మడిలో వదిలేసి, మోకాళ్ళదాకా బురదతో ఆఫీసు గేటు దగ్గర నిలబడేవాడు. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేదేమో.

ఒక వానాకాలం కాలువ కట్ట మీద స్కూటరు జారింది. మాధురికి ఏమీ కాలేదు, ఆయన భుజం ఎముక విరిగింది. అతుక్కుంది గాని, బరువైన బండిని మలుపులో తిప్పేటప్పుడు ఆయన పళ్ళు బిగించడం వెనక కూర్చున్న ఆమెకు తెలిసేది.

"నాన్నా, నేను కారు కొనుక్కుంటాను," అంది రెండువేల నాలుగులో ఒక ఆదివారం, అన్నాల దగ్గర.

"కొనుక్కుని?"

"నడుపుతాను."

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "క్లచ్చి ఏ కాలితో తొక్కుతావమ్మా?"

"చేత్తో పట్టుకునే లీవరు పెడతారట. నిజామాబాదులో చేస్తున్నారు. బోధన్‌లో ఒకాయన అలాంటి బండే నడుపుతున్నాడు, వెళ్ళి చూసొచ్చాను."

"ఎప్పుడు వెళ్ళావు?"

"మీకు చెబితే వెళ్ళనిచ్చేవారా?"

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ ఒక షరతు పెట్టాడు. "కొనుక్కో. కానీ ఒక్కసారి, ఒక్కసారి నువ్వు ఒంటరిగా దారిలో ఆగిపోయావని నాకు తెలిసిందా, ఆ బండి అమ్మేస్తాను. మళ్ళీ నా స్కూటరే. మాటంటే మాట."

"మాటే," అంది మాధురి.

కొత్త కారు ఆమె జీతానికి అందేది కాదు. వాడినదే కొనాలి. బాబాయి హరనాథబాబు నూర్పిడి మిషన్లు తిప్పేవాడు. మద్నూర్ దాకా ఆయనకు అందరూ తెలుసు. ఆయనే ఒక బండి కబురు తెచ్చాడు. మద్నూర్ పక్క ఊళ్ళో పండరి అనే ఆసామి, చెరకూ వరీ వేసేవాడు, పట్నంలో మోజుపడి కొన్న చిన్న తెల్లకారును అమ్మేసి జీపు కొనాలనుకుంటున్నాడు. చెరకుతోటల దారిలో ఆ కారు కడుపు నేలకు రాసుకుంటోందట.

పండరి బండిని క్యాంపుకే తోలుకొచ్చాడు. పొద్దున్నే చలిలో ఇంజను ముక్కి, రెండోసారికి అంటుకుంది. హరనాథబాబు బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, సంగీతం వింటున్నట్టు తల వంచాడు.

"కుట్టుమిషనే అన్నయ్యా. టిక్కుటిక్కుటిక్కు. ఎంత సాఫీగా ఉందో చూడు."

"మస్తు ఇంజనన్నా," అన్నాడు పండరి. "మా ఇంటామె నోరు గూడ గింత నిమ్మళంగ ఉండదు."

"టైమింగ్ ఎలా ఉంది బాబాయ్?" మాధురి అడిగింది. బోధన్ ఆయన ఆ మాట అడగమన్నాడు. దాని అర్థం ఆమెకూ తెలియదు.

"టైమింగ్ అంటే పంపు కొట్టే టైమే కదటే. ముప్పై ఏళ్ళుగా ఆయిలింజన్లు చెవితో సరిచేస్తున్నాను, ఇది నాకో లెక్కా? బెల్టు చూడు ముందు. మిషనుకు ప్రాణం బెల్టు." ఇంజను ముందు బయటికే కనబడుతున్న బెల్టును బొటనవేలితో నొక్కాడు. నల్లగా నిగనిగలాడుతోంది. "కొత్తది. ఇంకేం కావాలి?"

బెల్టు జారితే జిగురు పూసి, సాగితే మోటారును వెనక్కి జరిపి, తెగితే ముడేసి పంట దులిపిన మనుషులు వాళ్ళందరూ. కొత్త బెల్టు కనబడగానే చుట్టూ మూగిన నలుగురి ముఖాల్లోనూ నిశ్చింత వచ్చేసింది. మాధురి ముఖంలో కూడా.

పండరి బేరం తన పద్ధతిలోనే చేశాడు. పశువుల అంగడిలో చేసినట్టు, రాజేంద్రప్రసాద్ చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పాడు. ఇద్దరూ ఎటో చూస్తున్నారు. తువ్వాలు కాసేపు కదిలి ఆగింది. "బస్, ఝాలా," అన్నాడు పండరి సరిహద్దు మరాఠీలో, బేరం అయిపోయిందని. అడ్వాన్సు కింద బయానా చేతులు మారింది. పది రోజుల్లో బండి అప్పగింత.

మర్నాడు సెలవు పెట్టి మాధురి తండ్రిని వెంటబెట్టుకుని నిజామాబాదు వెళ్ళింది, చేతి లీవరు సంగతి మాట్లాడటానికి. ఆ రకం బళ్ళు బాగుచేసే వర్క్‌షాపులో సూపర్వైజరు కోసం కూర్చుని ఉండగా ఎదురుగా గోడకు అంటించిన కాగితం కనిపించింది. రెండు పేజీలు, ఇంగ్లీషు, మధ్యలో బొమ్మ. చేతిలో ఏది ఉంటే అది చదివే అలవాటు ఆమెది. సరుకు పొట్లం కాగితాన్ని కూడా విప్పి చదువుతుంది. లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. కంపెనీ తన వర్క్‌షాపులకు పంపిన సర్వీసు బులెటిన్ అది. పైన తాము బేరం చేసిన బండి పేరే ఉంది.

"ఇది నాకు జిరాక్సు ఇస్తారా?"

"ఇందులో దాచేదేం లేదు మేడమ్, తీసుకోండి," అన్నాడు సూపర్వైజరు. "వచ్చినవాళ్ళెవరూ దానివైపు చూడరు. బండి కొన్నాక తీసుకురండి, చూసి పెడతాం."

"కొనకముందు?"

అతను నవ్వాడు. "కొనకముందు అది మీ బండి కాదు కదండీ."

ఇంటికొచ్చి ఆ రెండు పేజీలను ఆమె చదవడం మొదలుపెట్టింది. మాటలు ఒక్కొక్కటీ తెలిసినవే, వాక్యంగా చేరేసరికి మూసుకుపోతున్నాయి. నిఘంటువులో వెతికితే టైమింగ్‌కు కాలనిర్ణయం అని ఉంది. దాంతో ఒరిగిందేమీ లేదు. మర్నాడు ఆఫీసులో, కాలువ కింది తూములకు నీటి వంతుల ఉత్తర్వు టైపు చేస్తూ ఉండగా, బొమ్మలోని రెండు చక్రాలూ వాటి మీది గుర్తులూ హఠాత్తుగా కళ్ళముందు కదిలాయి.

పై తూము మూసిన తర్వాతే కింది తూము ఎత్తాలి. వంతు తప్పితే ఒకరి మడి ఎండుతుంది, ఇంకొకరి గట్టు తెగుతుంది. ఇంజనులో కూడా అంతే. పెట్రోలూ గాలీ లోపలికి వచ్చే తలుపు ఒకటి, పొగ బయటికి పోయే తలుపు ఒకటి. పిస్టను పైకి దూసుకొచ్చే వేళకు ఆ తలుపులు దారిలో ఉండకూడదు. ఆ వంతులు తప్పకుండా తూములెత్తి దించే లస్కరు లాంటిది లోపలి బెల్టు. పళ్ళున్న రబ్బరు బెల్టు. దాన్ని బిగువుగా పట్టి ఉంచడానికి ఒక చిన్న రోలరు. కొన్ని నెలల్లో తయారైన బళ్ళలో ఆ రోలరు వదులవుతోందని బులెటిన్ చెబుతోంది. వదులైతే బెల్టు ఒక పన్ను దాటుతుంది, వంతు తప్పుతుంది. అప్పుడు కనిపించే గుర్తులు ఏమిటంటే, చలి పొద్దుల్లో ఇంజను ఒకపట్టాన అంటుకోదు, అంటుకున్నాక కాసేపు టిక్కుటిక్కుమని చప్పుడు. పట్టించుకోకపోతే ఇంకో రెండు పళ్ళు దాటి, తలుపులు పిస్టనుకు తగిలి విరిగి, ఏ హెచ్చరికా లేకుండా నడుస్తున్న బండి రోడ్డు మీద ఆగిపోతుంది.

చివరి మాట దగ్గర ఆమె టైపుమిషను మీది చేతులు తీసేసింది.

బండి పుస్తకం నకలు సంచిలోనే ఉంది. తయారైన నెల చూసింది. ఆ నెలల్లోనే.

ఆ సాయంత్రం హరనాథబాబు అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే కాగితం ఆయన ముందు పరిచింది.

"ఆ బెల్టు మనం చూశాం కదే," అన్నాడాయన.

"చూడలేదు బాబాయ్. ఇక్కడ ముందు మూత విప్పాలి అని ఉంది. మీరు నొక్కి చూసినదానికి మూత ఉందా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. బొమ్మను దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూశాడు. "అయితే అది ఫ్యాను తిప్పేదా?"

"ఫ్యానునూ, బ్యాటరీ చార్జి చేసే డైనమోనూ. అసలుది లోపల ఉంది."

"ఓరి నీ..." అని ఆగాడు, అన్నగారి ముందు పూర్తి చెయ్యలేక. "ఇంట్లో పెళ్ళికూతుర్ని వదిలేసి తోడుపెళ్ళికూతురికి చీర పెట్టొచ్చాను."

రాజేంద్రప్రసాద్ నవ్వలేదు. "వద్దులేమ్మా. బయానా పోతే పోనీ. ఈ గొడవ మనకెందుకు?"

"ఈ బండి వదిలేస్తే ఇంకో బండి చూడాలి. దాని లోపలా ఇలాంటిదే ఏదో ఉంటుంది, దాని కాగితం మనకు దొరకదు. మూత విప్పి చూస్తాను నాన్నా. చూశాకే వద్దనుకోవడమైనా, కావాలనుకోవడమైనా."

మద్నూర్ పక్కన పండరి ఊరికి ముగ్గురూ షేర్ జీపులో వెళ్ళారు. పండరి వాకిట్లో మంచం వాల్చాడు, ఆయన భార్య టీ పెట్టింది. మాధురి మాట పూర్తయ్యేసరికి పండరి ముఖం మాడింది.

"మాట అయినంక మళ్ళ ఇప్పుడు చూసుడేంది బిడ్డా? తువ్వాల కింద చెయ్యి కలిసింది. ఇగ వంక పెడితే నేను మోసం జేస్తున్న అన్నట్టే గదా."

"మీరు మోసం చేశారని నేననలేదు పండరిగారూ. లోపల ఏముందో మీకూ తెలియదంటున్నాను."

"నాలుగేండ్ల సంది నడుపుతున్న. నాకు తెల్వదా?"

"మూత ఎప్పుడైనా విప్పారా?"

"గది ఇప్పేటిదా? కంపెనీ బిగించింది."

మాధురి కొంచెం ఆలోచించింది. జీపులో వస్తూ తయారు చేసుకున్న మాటలేవీ ఇక్కడ పనికొచ్చేలా లేవు. "అంగడిలో ఎద్దును అమ్మేటప్పుడు ఏం చేస్తారు? ఒట్టినే నడిపించి చూపిస్తారా?"

"ఒట్టిగెట్ల? నిండు బండికి కడతం. చక్రాలు తాడుతోని బిగించి గుంజిస్తం. పండవెట్టి లేపుతం. కొనేటోని ముంగట ఎద్దు మోకాలు మోపిందనుకో, బేరం లేదు."

"చెయ్యి కలిశాక కూడా?"

పండరి చూపు గుమ్మంవైపు మళ్ళింది.

"చెయ్యి కలిసినంకనే గుంజిస్తరు," అంది ఆయన భార్య గుమ్మంలోంచి. "పోయిన యేడు మన కోడెను గట్లనే గుంజిచ్చి వాపస్ పంపిండ్రు. మర్చిపోయినవా?"

"నువ్వు లోపటికి పోవే," అన్నాడు పండరి.

"పోత. గామె అడిగిందాంట్ల తప్పేందో చెప్పు, పోత."

పండరి తలపాగా తీసి తొడ మీద దులిపాడు. "సరె. ఇప్పుదాం. గని నా మాట గూడ ఇను. లోపట అంత మంచిగుంటె, ఇగ ఒక్క ముచ్చట మాట్లాడకుంట తోల్కపోవాలె. బిగించే ఖర్చు నీదే. ఊళ్ళె ఎవలన్న నవ్వితె గది గూడ నీదే."

"నాదే," అంది మాధురి.

బాన్సువాడలో బోధన్ రోడ్డు మీద ఉన్న మెకానిక్కు లాల్‌సింగ్ షెడ్డుకు బండిని తోలుకొచ్చారు. తండా నుంచి వచ్చి ట్రాక్టర్ల దగ్గర పని నేర్చుకున్నవాడు. జీపులూ ట్రాక్టర్లూ కళ్ళు మూసుకుని విప్పేవాడు గాని, ఈ రకం చిన్న కారు లోపల చెయ్యి పెట్టడం అతనికీ మొదటిసారే. ఆ మాట దాచకుండా చెప్పాడు. "మనకు గేర్ల టైమింగ్ ఎరుక అక్కా. రబ్బర్‌ది జూడలే. నువ్వు సదువు, నేను ఇప్పుత."

మాధురి స్టూలు మీద, కాలు చాచుకుని కూర్చుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది. నట్లు ఒక్కొక్కటీ రేకు డబ్బాలో పడ్డాయి. చివరికి మూత చేతిలోకి వచ్చింది.

లోపలి బెల్టు అంచులు పీచులు లేచి ఉన్నాయి. లాల్‌సింగ్ రోలరును రెండు వేళ్ళతో పట్టుకుని ఊపాడు. ఊగింది. ఇంకోసారి ఊపాడు. హరనాథబాబు వంగి, తనూ ఊపి చూశాడు. పై చక్రం మీద గీత ఎక్కడ ఉండాలో బొమ్మలో ఉంది. అక్కడ లేదు. ఒక పన్ను పక్కన ఉంది.

"అరె," అన్నాడు పండరి మెల్లగా. "గా టిక్కుటిక్కు ఇదేనా?"

"అదే," అన్నాడు హరనాథబాబు. "మనం మురిసిపోయిన సంగీతం."

పండరి షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు గొంతులో ఆ ముందరి బింకం లేదు. "నీ బయానా నీకిచ్చేస్త బిడ్డా. నాకు ఎరుక లేదు. నా బిడ్డలే ఎక్కి తిరిగిండ్రు గీంట్ల."

"బయానా వద్దండీ. బండే కావాలి."

"ఇంత చూసి కూడానా?" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"చూశాం కాబట్టే నాన్నా. లోపల ఏముందో నాకు తెలిసిన బండి ఈ జిల్లాలో ఇదొక్కటే."

కొత్త బెల్టూ, కంపెనీ మార్చిన కొత్తరకం రోలరూ పండరి తనే నిజామాబాదు వెళ్ళి తెచ్చాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. మళ్ళీ అందరూ షెడ్డులో చేరారు. లాల్‌సింగ్ గీతకు గీత కలిపి, బెల్టు ఎక్కించి, రోలరు బిగించి చేతులు తుడుచుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది. అందరికీ ఆకలిగా ఉంది.

"ఇగ సెల్ఫ్ కొడుదమక్కా."

"ఆగు. ప్లగ్గులు తీసి, ఇంజనును చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, గీతలు మళ్ళీ చూడాలని ఉంది."

"గదంత కంపెనీవాళ్ళ షోకు. నేను కలిపిన గద, మీరందరు జూసిండ్రు."

"చూశాం. తిప్పాక చూడలేదు."

"అమ్మాయ్, మరీ చాదస్తం," అన్నాడు హరనాథబాబు. "గీతలు కళ్ళెదుట కలిసి ఉన్నాయి. అన్నాలు తిని వద్దాం, స్టార్ట్ చేసి చూపించవయ్యా."

మాధురి లేచి, బానెట్ అంచు పట్టుకుంటూ వచ్చి తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. "తిప్పితేనే ఇస్తాను. మీరు తిని రండి బాబాయ్, నేనుంటాను."

ఎవరూ వెళ్ళలేదు. లాల్‌సింగ్ గొణుక్కుంటూ ప్లగ్గులు తీసి, కింది చక్రం బోల్టుకు పెద్ద పానా తగిలించి తిప్పాడు. ఒక చుట్టు. రెండో చుట్టు. కింది గీత వచ్చి తన చోట నిలిచింది. పై గీత రాలేదు. ఒక పన్ను వెనకే ఆగింది.

రోడ్డు మీద చెరకు ట్రాక్టరు ఒకటి పాటలు పెట్టుకుని వెళ్ళింది.

"గిదేంది? నేను కలిపిన," అన్నాడు లాల్‌సింగ్.

మాధురి కాగితం తిప్పింది. బెల్టు ఒకవైపు బిగువుగా ఉండేలా లాగి పట్టుకున్నాకనే రోలరు బిగించాలని రెండో పేజీ అడుగున ఉంది. ఆ వాక్యాన్ని తను పైపైన చదివి దాటేసింది. "తప్పు నాదే లాల్‌సింగ్. ఈ ముక్క చెప్పలేదు. మళ్ళీ విప్పాలి."

"నీది గాదు, నాది గాదక్కా. ఆకలిది," అని అతను పానా అందుకున్నాడు.

రెండోసారి బిగించాక మాధురి పానా తనకిమ్మంది. స్టూలు ముందుకు లాగించుకుని, మంచికాలు నేలకు తన్నిపెట్టి, రెండు చేతులతో తిప్పింది. పిస్టన్లు పైకి రావడం, దిగడం అరచేతులకు తెలుస్తోంది. ఎక్కడా తగల్లేదు. ఒక చుట్టు. రెండో చుట్టు. రెండు గీతలూ వచ్చి వాటి వాటి చోట్ల నిలిచాయి. ఎవరూ అడక్కుండానే ఇంకో రెండు చుట్లు తిప్పి చూసి, అప్పుడు తాళంచెవి లాల్‌సింగ్‌కు ఇచ్చింది. ఇంజను మొదటిసారికే అంటుకుంది. టిక్కుటిక్కు లేదు. ఏదో వెలితిగా ఉందన్నాడు హరనాథబాబు.

లీవరు బిగించడానికీ, దానితో నేర్చుకోవడానికీ, లైసెన్సుకు తిరగడానికీ ఆ యేడు చలికాలం గడిచిపోయింది. ఆ బండిని ఆమె చాలా ఏళ్ళు నడిపింది. చెప్పిన గడువుకు ముందే బెల్టు మార్పించేది, ప్రతిసారీ చేత్తో తిప్పించేది. సెకండ్‌హాండ్ బండి కొనే ఆఫీసువాళ్ళు ముందుగా ఆమె టేబుల్ దగ్గరికి వచ్చి, దీని మీద కంపెనీ కాగితం ఏమన్నా ఉందా మేడమ్ అని అడగడం అలవాటైంది. ఆ కాగితాల కోసం నిజామాబాదు వెళ్ళేటప్పుడు వాళ్ళనూ తన బండిలోనే ఎక్కించుకు వెళ్ళేది.

లైసెన్సు వచ్చిన మొదటి సోమవారం మాత్రం ఒంటరిగానే బయల్దేరింది. క్యాంపు దాటి కాలువ రోడ్డెక్కాక అద్దంలో చూస్తే, వెనక కొంత దూరంలో స్కూటరు. మెల్లగా నడిపితే అదీ మెల్లగా వస్తోంది. వేగం పెంచితే అదీ పెంచుతోంది. కాలువ వంతెన దగ్గర మాధురి బండిని పక్కకు తీసి, ఇంజను ఆపేసింది.

రాజేంద్రప్రసాద్ కంగారుగా వచ్చి కిటికీలోకి వంగాడు. "ఏమైంది? ఆగిపోయిందా?"

"ఆగిపోలేదు, ఆపాను. మీరెక్కడికి?"

"బాన్సువాడలో ఎరువుల కొట్టుకు."

"పొద్దున్నే?"

ఆయన కాలువ నీళ్ళవైపు చూశాడు. ఎడమచేత్తో భుజం పట్టుకున్నాడు. "ఈ ఒక్కరోజూ వస్తానమ్మా."

"ఈ ఒక్కరోజు వస్తే రేపూ వస్తారు. మీరు వెనక్కి తిరిగేదాకా స్టార్ట్ చెయ్యను నాన్నా. ఆఫీసుకు ఆలస్యమైతే మీదే బాధ్యత."

ఒక షేర్ ఆటో వాళ్ళను దాటుకుంటూ హారన్ కొట్టింది. ఆయన టైర్ల వైపు ఒకసారి చూసి, స్కూటరు తిప్పుకున్నాడు. తిప్పేటప్పుడు పళ్ళు బిగించడం ఆమెకు అద్దంలో కనిపించింది. స్కూటరు మలుపు తిరిగి చెరకుతోట వెనక్కి వెళ్ళాక తాళం తిప్పింది.

బాన్సువాడలో ఆఫీసు గేటు సగమే తెరిచి ఉంది. వాచ్‌మన్ తారాచంద్ ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడనుకుని లేచి, లోపల ఆమెను చూసి అక్కడే ఆగిపోయాడు.

"రెండో తలుపు కూడా తియ్యండి," అంది మాధురి. "బండి పట్టదు."